కృష్ణ ఒడ్డున మన లెక్క
(దాచేపల్లిలో జరిగిన గిరిజన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ షామియానా కింద సుగాలి తండాల నుంచి వచ్చినవాళ్లున్నారు, యానాది కాలనీల నుంచి వచ్చినవాళ్లున్నారు, ఎరుకల పేటల వాళ్లున్నారు, మాచర్ల పైన అడవి అంచు నుంచి వచ్చిన చెంచు పిల్లలూ ఉన్నారు. మన పండగలు వేరు, ఇంట్లో మాట్లాడుకునే మాట వేరు, పెళ్లి పద్ధతులు వేరు. అందరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటని వెతికితే ముందుగా తగిలేది ఒక ఏరు. సంస్కృతి సంఘం వాళ్లు పాట గురించీ ఆట గురించీ చెప్పకుండా కృష్ణ గురించి చెబుతారేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. తీజ్ పండక్కి మన ఆడపిల్లలు తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచిన గోధుమ నారును చివరి రోజు ఏ నీళ్లలో కలుపుతున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ నీళ్లు ఎలా ఉన్నాయో కూడా గుర్తు చేసుకోండి. ఏరు బాగుంటేనే ఆ పండగ కూడా బాగుంటుంది.

కృష్ణ మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర పుడుతుంది. దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇది బడిలో చదువుకున్నదే. బడిలో చెప్పనిది మన పల్నాడు ముక్క. మాచర్ల వైపు నాగార్జునసాగర్ దగ్గర మొదలై, రెంటచింతల మండలంలో సత్రశాల మీదుగా, మన పొందుగల, తంగెడ దాటి పులిచింతల దాకా మన జిల్లాకు ఉత్తరపు హద్దు ఆమే. ఈ కాస్త దూరంలో ఆమెకు మూడు అడ్డుగోడలున్నాయి. సాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కిందికి పోయిన నీటిని మళ్లీ పైకి తోడుకోవడానికి సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టారు. ఆ కింద పులిచింతల, 45.77 టి.ఎం.సి.లు పట్టే జలాశయం. 2013 డిసెంబరులో దాన్ని జాతికి అంకితం చేశారు.

ఈ ప్రాజెక్టుల వల్ల లక్షల ఎకరాలు తడిశాయి. మన తండాల్లో కూడా సాగర్ కాలువ నీళ్లతో మిరపా పత్తీ పండించినవాళ్లున్నారు. ఆనకట్టలే వద్దని మేం అనడం లేదు. కానీ మూడు గోడల మధ్య మిగిలినదాన్ని ఏరు అనాలా, వరసగా పేర్చిన చెరువులనాలా? తేడా ఎందుకంటారా? మన యానాది పెద్దలు ఏటిని కంటితో చదివేవాళ్లు. నీటి మీద సుడి చూసి కింద రాయి ఉందో మడుగు ఉందో చెప్పేవాళ్లు. నీటి రంగు చూసి పైన ఎక్కడ వాన పడిందో చెప్పేవాళ్లు. ఏ మడుగులో ఏ నెలలో వాలుగ ఉంటుందో, ఏ రాళ్ల సందున జెల్లలు గుడ్లు పెడతాయో వాళ్లకు తెలుసు. ఆ చదువంతా పారే నీటికి సంబంధించింది. ఇప్పుడు సాగర్ దగ్గర కరెంటు తీసేటప్పుడు నీళ్లు వస్తాయి, ఆపితే ఆగిపోతాయి. ఎక్కడా వాన లేకుండానే పొద్దున ఉన్న రాయి సాయంత్రానికి మునుగుతుంది. పులిచింతల వెనక నీళ్లలోనైతే అసలు కదలికే ఉండదు. ఎదురీదే అలవాటున్న చేపకు నిలవ నీళ్లలో పనేముంది? అలాంటివి తగ్గి, ఎక్కడైనా బతికే జిలేబీ చేప వలల్లో నిండింది. కృష్ణ కాలువల్లో ఈమధ్య దెయ్యం చేప అనేదొకటి కనిపిస్తోంది. ఇళ్లలో గాజు తొట్టెల అద్దాలకు పట్టిన పాకుడు తింటుందని ఎక్కడో దక్షిణ అమెరికా నుంచి తెచ్చి అమ్మారు. పెరిగాక ఎవరో తీసుకెళ్లి కాలువలో పారేశారు. దాని ఒళ్లంతా ముళ్ల పెంకు. తినడానికి పనికిరాదు, వలను మాత్రం చీల్చేస్తుంది. కొత్త వల కొనాలంటే ఎన్ని రోజుల కూలి పోవాలో వలవేసే ఇంటి పిల్లలకు తెలుసు.

ఇక అసలు మురికి సంగతి. కృష్ణ కాలుష్యం అనగానే చాలామంది విజయవాడ గురించి మాట్లాడతారు. మన గడప ముందున్న సంగతి ఎవరికీ కనపడదు. పొందుగల వంతెన మీద నిలబడి అవతలి ఒడ్డు చూడండి. అది వాడపల్లి. అక్కడే మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. మూసీ అంటే వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ నగరం మధ్యగా నడిచి, నల్గొండ దాటి మన ఎదురుగా చేరే ఏరు. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 నదీ భాగాలు కలుషితమయ్యాయని గుర్తించి, వాటిని అయిదు తరగతులుగా విడదీసింది. అన్నిటికన్నా చెడ్డది మొదటి తరగతి. మూసీ అందులో ఉంది. నీటిలో మురికి ఎంతుందో, అది కుళ్లేటప్పుడు ఎంత ప్రాణవాయువును మింగేస్తుందో కొలిచే లెక్క ఒకటుంది. స్నానానికి పనికొచ్చే నీటిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదటి తరగతి అంటే 30 దాటిన నీళ్లు.

ఇందులో ఒక విచిత్రం చూడండి. హైదరాబాద్ తాగేది కూడా కృష్ణ నీళ్లే. నాగార్జునసాగర్ నీటిని అక్కంపల్లి మీదుగా పైపుల్లో నగరానికి పంపుతారు. 2004లో మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది. మూడూ కలిపి రోజుకు 27 కోట్ల గ్యాలన్లు, అంటే 120 కోట్ల లీటర్ల పైమాట. ఏడాదికి 16.5 టి.ఎం.సి.లు. మన పైనుంచి మంచి నీళ్లు తీసుకుపోయి, వాడుకుని, ఆ వాడిన నీళ్లలో ఎక్కువ భాగం మూసీలో వదిలితే, అవి నల్గొండ జిల్లా అంతా తిరిగి మళ్లీ మన ఎదురుగా అదే కృష్ణలో పడుతున్నాయి. పక్కింటాయన మన బావిలో నీళ్లు తోడుకుని, స్నానం చేసి, ఆ నీళ్లు మళ్లీ మన బావిలో పోస్తే ఊరుకుంటామా? పెద్ద పట్నం చేస్తే మాత్రం ఎవరూ అడగరు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఇంకో మాట. హైదరాబాద్ దాటేటప్పుడు ఉన్నంత నల్లగా మూసీ వాడపల్లికి రాదు. దారిలో కత్వలున్నాయి, సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు ఉంది. నీళ్లు నిలిచినచోటల్లా కొంత మురికి అడుగుకు దిగుతుంది, ఎండా గాలీ తగిలి కొంత శుభ్రమవుతుంది. కానీ ఉప్పు అలా దిగదు, నైట్రేట్లు అలా పోవు. పటాన్‌చెరు వైపు మందుల ఫ్యాక్టరీల నుంచి శుద్ధి చేసి వదిలే నీటిని అంబర్‌పేట దాకా పైపులైను వేసి తెచ్చి మూసీ దారి పట్టించిన సంగతి చాలామందికి తెలియదు. నగరంలో మురుగును శుద్ధి చేయడానికి 2021లో 31 కొత్త కేంద్రాలు మంజూరు చేశారు. అవి పనిచేస్తే మనకే మేలు. పనిచేస్తున్నాయా లేదా అన్నది అక్కడి కాగితాల్లో కన్నా ఇక్కడ పొందుగల రేవులో ముందు తెలియాలి. ఎందుకంటే వాడపల్లి దాటిన నీళ్లు నేరుగా పులిచింతల జలాశయంలోకి దిగి అక్కడే ఆగుతాయి. ఇంత ఎరువున్న నీళ్లు కదలకుండా ఉంటే నాచు పడుతుంది, గుర్రపుడెక్క అల్లుకుంటుంది. నాచు చచ్చి కుళ్లినప్పుడు నీళ్లలో ఊపిరి ఉండదు. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే, దాన్ని చేపల పండగ అనుకోకండి.

హైదరాబాద్ మీద నాలుగు మాటలన్నాం కదా, మరి మన ఊరి సంగతి? నాగులేరు కారెంపూడి దాటి, మన దాచేపల్లి పక్కనుంచి పోయి కృష్ణలో కలుస్తుంది. పల్నాటి యుద్ధంలో ఈ ఏరు నెత్తురుతో ఎర్రబారిందని చెప్పుకుంటాం, వీరుల పేరు మీద ఏటా కారెంపూడిలో ఉత్సవాలు చేసుకుంటాం. ఇప్పుడు ఆ ఏరు ఏ రంగులో ఉందో చూడటానికి వీరులు రానక్కర్లేదు. మురుగు కాలువ ఎక్కడ దిగిందో, కోళ్ల వ్యర్థాల బస్తా ఎక్కడ పడిందో మనకే తెలుసు. ఊరి చివర ఏటి ఒడ్డున గుడిసెలు వేసుకున్నవాళ్లలో మనవాళ్లే ఎక్కువ కాబట్టి ముందు ఆ వాసన పీల్చేదీ మనమే.

ఈ నేలలో ఉన్నది సున్నపురాయి. దాచేపల్లి, నడికూడి నాపరాళ్లు పోని ఊరు లేదు. పిడుగురాళ్ల సున్నం సంగతి చెప్పనక్కర్లేదు, సిమెంటు ఫ్యాక్టరీలు ఏటికి ఇటూ అటూ ఉన్నాయి. మన కుటుంబాల్లో ఎంతమంది క్వారీలో కూలికి పోతున్నారో లెక్కపెడితే ఈ సభలో సగం చేతులు లేస్తాయి. కాబట్టి క్వారీని తిట్టి ఊరుకుంటే సరిపోదు, ఆ కూలితో మన పొయ్యి వెలుగుతోంది. అయితే సున్నపురాయి నేల ఒకటి చేస్తుంది, అది తెలుసుకోవాలి. దాని లోపల పగుళ్లుంటాయి, సందులుంటాయి. మట్టి నేలలో అయితే మురికి నీరు ఇంకుతూ ఇంకుతూ వడకట్టుకుంటుంది. సున్నపురాయి నేలలో ఒక పగులు దొరికితే చాలు, పైనున్న మురుగు వడకట్టకుండా తిన్నగా బోరులోకి దిగుతుంది. 2024 అక్టోబరులో మన దాచేపల్లిలోనే వాంతులు, విరేచనాలతో ప్రాణాలు పోయినప్పుడు అనుమానం బోరు నీళ్ల మీదకే వెళ్లింది. అప్పుడు ట్యాంకర్లు వచ్చాయి, వైద్య శిబిరం పెట్టారు. ఏటి మురికి వేరు, బోరు నీళ్లు వేరు అనుకునేవాళ్లు ఇది ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

పూర్వం మనవాళ్లు ఏటికి పోతే పారే నీటిని ముంచుకుని తాగేవాళ్లు కాదు. ఒడ్డున ఇసుకలో చేత్తో చెలమ తీసి, మొదట ఊరిన బురద నీళ్లు రెండుసార్లు తోడేసి, మూడోసారి తేట నీళ్లు ముంచుకునేవాళ్లు. మెషీన్ లేని ఫిల్టర్ అది. ఇసుకే వడకట్టేది, వేసవిలో ఇసుకే నీళ్లు దాచిపెట్టేది. ఇసుక పోతే చెలమ లేదు. 2019 ఏప్రిల్‌లో, కృష్ణలో అక్రమ ఇసుక తవ్వకాలను ఆపలేకపోయినందుకు జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వానికి 100 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఇసుక విధానాలు ప్రభుత్వం మారినప్పుడల్లా మారాయి. లారీకి ఎంత, ట్రాక్టరుకు ఎంత అన్న లెక్కే ప్రతిసారీ మాట్లాడుకున్నారు. చెలమ లెక్క ఎవరూ రాయలేదు.

ఈ లెక్క అన్న మాట దగ్గరే కాసేపు ఆగుదాం. పులిచింతల కట్టినప్పుడు ఇటూ అటూ చాలా ఊళ్లు మునిగాయి. కోహినూర్ దొరికిందని చెప్పుకునే కొల్లూరు కూడా ఆ నీళ్ల కిందకే పోయింది. పట్టా ఉన్నవాడికి పొలం లెక్క, గోడలున్నవాడికి ఇంటి లెక్క రాశారు. పుట్టి వేసుకుని చేపలు పట్టి బతికిన ఇంటికి ఏ కాగితం ఉంటుంది? ఏటి మడుగుకు పట్టా ఎవరిస్తారు? 2013 భూసేకరణ చట్టంలో మాత్రం, మూడేళ్లుగా అడవి మీదో నీటి మీదో ఆధారపడి బతికే కుటుంబం, చేపలు పట్టేవాళ్లు, పడవ నడిపేవాళ్లు కూడా బాధిత కుటుంబాలేనని స్పష్టంగా రాశారు. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2014 జనవరి 1న. పులిచింతలను అంకితం చేసింది అంతకు ముందు నెలలోనే. మనవాళ్లకు ఆ చట్టం ఒక్క నెల తేడాలో తప్పిపోయిందని అనిపిస్తుంది గానీ, నిజానికి వాళ్ల భూములూ ఊళ్లూ లెక్క తేలింది ఏళ్ల ముందే. ఇకముందు వచ్చే ప్రాజెక్టుకు మాత్రం ఆ మాట వర్తిస్తుంది. గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి కూడా మన పిల్లలు కలిపేసుకుంటుంటారు. పాడేరులోనో రంపచోడవరంలోనో ఉన్న వన్ ఆఫ్ సెవెంటీ చట్టం, పెసా గ్రామసభ మనకూ ఉన్నాయనుకుంటారు. లేవు. పల్నాడు షెడ్యూల్డ్ ఏరియా కాదు. మనం షెడ్యూల్డ్ తెగల వాళ్లమే కానీ మనం నిలబడిన నేలకు ఆ రక్షణ లేదు. అక్కడ గ్రామసభ పేరు చెప్పి ఆపగలిగినదాన్ని ఇక్కడ ఆపలేం. మరి మనకేమున్నాయి? 2006 అటవీ హక్కుల చట్టం ఉంది, దానికి షెడ్యూల్డ్ ఏరియాతో పనిలేదు. అడవి భూమిలో ఉన్న నీటి వనరుల్లో చేపల మీద సామూహిక హక్కు అడగవచ్చని అందులో ఉంది. మాచర్ల వైపు నల్లమల అంచున ఉన్న తమ్ముళ్లు దీన్ని బాగా చదవాలి.

రెండోది ప్రజాభిప్రాయ సేకరణ. 2006 సెప్టెంబరు పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గని, సిమెంటు ఫ్యాక్టరీ లాంటివి వచ్చేటప్పుడు ముందు జనం మాట వినాలి. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. కలెక్టరో, ఆయన తరఫున పెద్ద అధికారో కూర్చోవాలి. చెప్పిన అభ్యంతరాలను రాసుకుని, చివర్లో ఆ రాసినదాన్ని మనకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. ఇందులో ఒక కిటుకుంది. ఆ సభకు ఇంతమంది రావాలన్న నియమం ఏదీ లేదు. మనం పోకపోయినా సభ జరిగినట్టే, మనకు అభ్యంతరం లేనట్టే. కూలి పోతుందని ఆ రోజు క్వారీకి పోతే, ఆ క్వారీ ఎక్కడిదాకా రావచ్చో ఆ రోజే తేలిపోతుంది.

పోతే ఏమవుతుందని అడిగేవాళ్లకు ఏటికి అవతలే ఉదాహరణ ఉంది. నాగార్జునసాగర్ జలాశయం పక్కన, నల్గొండ వైపు లంబాపూర్, పెద్దగట్టు అనే చోట్ల యురేనియం తవ్వాలని యురేనియం కార్పొరేషన్ అనుకుంది. చుట్టూ ఉన్నవి ఎక్కువగా మన లంబాడీ తండాలే. హైదరాబాద్‌కు నీళ్లు పోయే అక్కంపల్లి కూడా ఆ దగ్గరే. 2003 ఆగస్టులో పెద్దగట్టు దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. తండాల వాళ్లు పోయారు, పర్యావరణం గురించి పనిచేసేవాళ్లు వాళ్లతో కలిశారు, కృష్ణ నీళ్లు ఏమవుతాయని అడిగారు. ఆ తర్వాత కాగితాలు చాలా తిరిగాయి. ఇన్నేళ్లయినా అక్కడ గని మాత్రం తవ్వలేదు. అది షెడ్యూల్డ్ ఏరియా కాదు. వాళ్లకు ఉన్నదీ మనకు ఉన్నదీ ఒకటే, మాట్లాడే హక్కు. కాకపోతే వాళ్లు ఆ రోజు కూలి మానుకున్నారు.

అయితే సభలో నిలబడి నీళ్లు చెడిపోయాయి సార్ అంటే సరిపోదు. ఎప్పటినుంచి, ఎక్కడ, ఎంత అని అడుగుతారు. అప్పుడు చూపించడానికి చేతిలో ఏదైనా ఉండాలి. అందుకే సంఘం తరఫున ఒక పని మొదలుపెడదామనుకుంటున్నాం. పొందుగల రేవు ఒకటి, నాగులేరు దాచేపల్లికి పైన ఒకటి, కింద ఒకటి. ఈ మూడు చోట్ల నెలకోసారి, అదే తారీఖున, నీళ్లు చూసి నోటు పుస్తకంలో రాయాలి. రంగు, వాసన, నురగ ఉందా లేదా, ఆ రోజు వలలో ఏం పడింది. మందుల షాపు సీసా అంత సీసాలో నీళ్లు పోసి పెడితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలం కలిసినట్టు తెలిపే పరీక్ష ఉంది, దానికి పెద్ద చదువు అక్కర్లేదు. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్ వాడటం నేర్పాలి. మీ ఊళ్లో ఆ అయిదుగురు ఎవరో కనుక్కోండి. మన వాళ్లెవరూ అందులో లేకపోతే ఎందుకు లేరో పంచాయతీలో అడగండి. మనవాళ్లు ఉండి కిట్ అటక మీద ఉంటే, అది దింపించండి.

ఆ పుస్తకంలో మొదటి పేజీలు మాత్రం నీళ్ల గురించి కావు. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చిన్నప్పుడు ఈ ఏట్లో పట్టిన చేపల పేర్లన్నీ రాయండి. కొరమీను, వాలుగ, జెల్ల, పరిగె అని మనకు తెలిసినవి నాలుగే. వాళ్లకు ఎన్నో తెలుసు. ఒక్కోదానికి యానాదుల పేరు ఒకటి, తండాలో పేరు ఇంకోటి, ఎరుకల మాటలో మరోటి ఉంటుంది. అన్నీ రాయండి. ఏ చేప చివరిసారి ఎప్పుడు కనపడిందని అడిగితే వాళ్లు సంవత్సరం చెప్పరు. పలానా పెళ్లి అయిన ఏడు, సాగర్ గేట్లు ఎత్తిన ఏడు, 2009 వరద వచ్చిన ఏడు అని చెబుతారు. అలాగే రాసుకోండి, సంవత్సరం మనం లెక్కకట్టుకోవచ్చు.

2028లో కృష్ణ పుష్కరాలు వస్తాయి. అప్పుడు రేవులు కడతారు, మెట్లు కడతారు, నీళ్లు శుభ్రంగా ఉన్నాయని పన్నెండు రోజులు రోజూ చెబుతారు. ఆ పన్నెండు రోజులకు ముందు కొన్నేళ్ల పొందుగల లెక్క మన దగ్గర ఉండాలి. నోటు పుస్తకాలు మూడు కొని తెచ్చాం, బల్ల మీద ఉన్నాయి. పొందుగల నుంచి వచ్చినవాళ్లు ఎవరో ఒకరు మొదటిది తీసుకోండి. నాగులేరు రెండు పుస్తకాలు దాచేపల్లి వాళ్లవి. పేరు, ఫోన్ నంబరు అట్ట మీద రాసి వెళ్లండి. మొదటి తారీఖు వచ్చే ఆదివారం.